వాటం మార్చిన దోనెలు

మొన్న మా డాబా మీది వాననీళ్లు కిందికి దిగడానికి ప్లాస్టిక్ గొట్టాలు వేయించారు. ప్లంబరు మెట్లు దిగి వచ్చి, పడక కుర్చీలో కూర్చున్న నన్ను "పెద్దాయనా, వాటం ఎటు పెట్టమంటారు?" అని అడిగాడు. వాటమంటే నీళ్లు వాటంతట అవే పోవడానికి ఇచ్చే వాలు. ఇల్లుగలవాణ్ణి ఎవరైనా అడిగే మామూలు ప్రశ్నే. నేను "మా కోడల్ని అడుగు నాయనా" అన్నాను. నాకు చెవుడనుకున్నాడో ఏమో, అదే మాట ఊరంతా వినబడేలా ఇంకోసారి అడిగి, జవాబు రాకపోయేసరికి లోపలికి వెళ్లిపోయాడు. నాకున్నది చెవుడు కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నేను ఇదే నరసరావుపేటలో, తలలో ఒక్క తెల్లవెంట్రుకైనా లేని రోజుల్లోనే పోగొట్టుకున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేనొక ఇల్లు కట్టాను. కట్టాననేది అలవాటుగా వచ్చే మాట. కట్టింది మేస్త్రీ. నేను గొడుగు వేసుకుని ఎండలో నిలబడి, అడగనక్కర్లేనివన్నీ అడిగి పనివాళ్లకు అడ్డం పడ్డాను. అప్పటికి ప్లీడరు పట్టా పుచ్చుకుని, మునసబు కోర్టులో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియరుగా కుదిరాను. కక్షిదారులు నన్ను వెతుక్కుంటూ వచ్చే రోజులు ఇంకా రాలేదు గానీ, వస్తే కూర్చోబెట్టడానికి చోటు ఘనంగా ఉండాలని నా పట్టుదల. నాన్న పోయాక మిగిలిన మెట్టచేలల్లో ఒకటి అమ్మి పునాది తవ్వించాను. అప్పట్లో అన్నిటికీ కంట్రోలే. సిమెంటుకు కంట్రోలు, ఇనుముకు కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు. కంట్రోలు లేనివి నా ఉపన్యాసాలు మాత్రమే. ప్రతి ఆదివారం గ్రంథాలయంలో బల్ల ముందు నిలబడి ముహూర్తాలు, శకునాలు, అంటూ ముట్టూ, అన్నిటినీ చీల్చి చెండాడేవాణ్ణి. వినడానికి వచ్చిన నలుగురూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్ల మోజు నాలో ఎంత లోతుకు దిగిందో తర్వాత గానీ తెలియలేదు.

మేస్త్రీది మాచవరం దగ్గర ఒక పల్లె. క్రైస్తవుడు. మిషను వాళ్ల పనిబడిలో వడ్రంగం, రేకుపని నేర్చుకుని, ఇళ్లు గుత్తకు తీసుకునే స్థాయికి వచ్చాడు. వినయం అతని ఛాయలకు కూడా వచ్చేది కాదు. సన్నగా, పొడుగ్గా ఉండి, ఎవరో దొర ఇచ్చిన బెండు టోపీ పెట్టుకుని కప్పు మీదికెక్కి, అక్కణ్ణుంచే బజారులో పోయేవాళ్లందరితో మాట్లాడేవాడు. తన పని గురించి తానే పొగుడుకునేవాడు. "గుంటూరు నుంచి వచ్చి చూసి పోతారు ప్లీడరు గారూ, ఈ ఇల్లు ఎవరు కట్టారని అడుగుతారు. మీ పేరు అడగరు, ఏమనుకోమాకండి" అని నా మొహం మీదే అన్నాడొకసారి. నేను మిషను హైస్కూల్లో చదివానని తెలిసినప్పటి నుంచీ నాకు పరీక్షలు పెట్టడం అతనికో సరదా. "ఆ బళ్లో మీకేం చెప్పారో చెప్పండి చూద్దాం" అనేవాడు. నేను బట్టీ పట్టిన పాఠాలు అప్పజెప్పేవాణ్ణి. ఒట్టు పెట్టుకోకూడదన్న పాఠం చెప్పినప్పుడు మాత్రం అతను సుత్తి కింద పెట్టాడు. "మీరు మార్కుల కోసం నేర్చుకున్నారు. మేం ఆ మాట మీదే బతుకుతున్నాం అయ్యా. మా ఇంట్లో పసిపిల్లకాయ కూడా ఒట్టు అనడు. మా మాటకి పూచీ మా మాటే" అన్నాడు. అప్పుడా మాట నాకు ముచ్చటగా తోచింది.

ఇల్లు మండువా ఇల్లు. నడిమధ్య ఆకాశానికి తెరిచిన చదరం, దాని చుట్టూ నాలుగు వసారాలు, వాటి మీద లోపలికి వాలిన పెంకు కప్పు. పాత ఇళ్లల్లో వాన పడితే నాలుగు చూరుల నుంచీ నీళ్లు నేరుగా మండువాలో పడేవి. వసారాలో కూర్చున్నవాళ్ల కాళ్లు తడిసేవి, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. నా ఇంట్లో అలా కుదరదన్నాను. చూరు పొడవునా రేకుదోనెలు కట్టి, నీళ్లన్నీ ఒక మూలకు చేర్చి, గొట్టంలో నుంచి దింపాలన్నాను. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జింకు రేకులు మేస్త్రీ ఎక్కడి నుంచో పట్టుకొచ్చాడు. అతుకులకు మాటు వేయడానికి తగరం మాత్రం దొరకలేదు. "తగరం లేకపోతే ఏందండీ, పెంకు మీద పెంకు ఎక్కించినట్టు ముక్క మీద ముక్క ఎక్కిస్తా. నీళ్లు పోయే వైపుకి పైముక్క కిందిముక్కలోకి దిగితే చుక్క కారదు" అన్నాడు. ఈ మాట నాకు చెప్పాడు. నేను విన్నాను కూడా. కానీ ఆ రోజు గ్రంథాలయంలో మాట్లాడబోయే ఉపన్యాసం మనసులో వల్లె వేసుకుంటున్నాను. అతను దోనెలను నైరుతి మూలకు వాలేటట్టు వేలాడదీశాడు. వీధికాలువ అటే ఉంది కాబట్టి ఎవరైనా అటే పెడతారు.

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టమని అమ్మ కోరితే సిద్ధాంతి గారిని పిలిపించాను. అమ్మ కోసమే పిలిచానని ఊళ్లో చెప్పుకున్నాను. ఆయన మండువాలో నిలబడి, తల పైకెత్తి దోనెలు చూసి, "నీళ్లు నైరుతికా?" అన్నారు. పైకి నవ్వాను. ఆయన నవ్వలేదు. నన్ను పక్కకు తీసుకెళ్లి, "నైరుతికి నీళ్లు పోయే ఇంట్లో సంతానం నిలవదు నాయనా. ఈశాన్యానికి తిప్పించు" అన్నారు. అంతకు ముందటేడే మాకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. మా ఆవిడ మళ్లీ నెల తప్పింది. ఆదివారం ఆదివారం నేను చీల్చి చెండాడిన మూఢనమ్మకాలన్నీ ఒక్కసారిగా లేచి వచ్చి నా గొంతు పట్టుకున్నాయి. మేస్త్రీ అప్పుడు ఈస్టరు పండక్కి సొంతూరు వెళ్లి ఉన్నాడు. అతను తిరిగి వచ్చేదాకా ఆగి, "సిద్ధాంతి ఇలా అన్నాడు, తిప్పుతావా?" అని అడిగితే సరిపోయేది. కానీ ఆ టోపీ మనిషి నవ్వుతాడని భయం. నవ్వి ఊరుకోడు, కప్పెక్కి బజారంతటికీ చెబుతాడని అంతకంటే భయం. ఇద్దరు కూలీలను పిలిచి, దోనెలు వేలాడే ఇనప పట్టీలను ఒక చివర ఎత్తించి, ఇంకో చివర దింపించి, వాటం ఈశాన్యానికి, బావి వైపుకు తిప్పించాను. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. అతుకులన్నీ ఇప్పుడు నీళ్లకు ఎదురు మొహాన ఉన్నాయన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

గృహప్రవేశం నాడు, పాలు పొంగాకే సొంతూరి నుంచి తిరిగొచ్చిన మేస్త్రీకి కొత్త పంచెలు పెట్టాం. వీధిలో పందిట్లో కూర్చుని తీసుకున్నాడు. ఇక్కడొక మాట చెప్పాలి. ఇప్పటివాళ్లకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. కట్టినన్నాళ్లూ ఆ ఇంట్లో అతను వెళ్లని గది లేదు. దేవుడి గూడు చెక్కింది కూడా అతనే. పాలు పొంగి గృహప్రవేశం అయిన క్షణం నుంచీ మాత్రం అతను గడప దాటకూడదు. ఊళ్లో ఎవరి ఇల్లయినా అంతే. ఆ పద్ధతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అంటూ ముట్టూ మీద నేను మాట్లాడిన ఉపన్యాసాలు ఏవీ నా గడప దాటి లోపలికి రాలేదు. కాబట్టి తను కట్టిన దోనెలకు ఏం జరిగిందో చూసే అవకాశం అతనికి లేకపోయింది. కొత్త పంచె భుజాన వేసుకుని, "వాన పడ్డనాడు మండువాలో కూర్చోండయ్యా. పైన నీళ్లు పాట పాడతయ్యి, కింద మీరు విసనకర్రతో విసురుకోవచ్చు" అని చెప్పి వెళ్లాడు.

వాన ఆషాఢంలో పడింది. ఆ సాయంత్రం మా పెద్ద ప్లీడరు గారిని ఫలహారానికి పిలిచాను. కొత్త ఇల్లు చూపించాలని నా ఆరాటం. ఆయన వసారాలో కుర్చీలో కూర్చుని, ఉప్మా పళ్లెం ఒళ్లో పెట్టుకున్నారో లేదో, ఊరి బయటి కొండ వైపు నుంచి మబ్బు లేచి కుండపోతగా మొదలైంది. దోనెలు పాడలేదు. ప్రతి అతుకు దగ్గరా ఒక ధార. ఒకటి సరిగ్గా ఆయన తలపాగా మీదికి. ఆయన పళ్లెం పక్కన పెట్టి, కుర్చీ జరుపుకుంటే అక్కడ ఇంకోటి. మూడోసారి జరుపుకుని, "ఏమోయ్, ఇల్లు కట్టించావా, జల్లెడ కట్టించావా?" అన్నారు. నా నోట్లో నుంచి మాట తన్నుకుని వచ్చింది. "మేస్త్రీ మోసం చేశాడండీ." ఆ మాట అనేటప్పటికి దోనెలు ఎందుకు కారుతున్నాయో నాకు నిజంగా తెలియదు. అది నా పట్ల నేను చూపించుకోగలిగిన దయ. అంతకు మించి లేదు. ఎందుకంటే మర్నాటికి తెలిసింది.

చెప్పింది మా ఆవిడ. తెల్లవారి ఒక చెంబుడు నీళ్లు దోనెలో పోయించి, కింద నిలబడి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళుతూ, "చేప పొలుసును తల వైపు నుంచి నిమిరితే చేతికి నున్నగా తగులుతుంది. తోక వైపు నుంచి నిమిరితే లేచి నిలబడుతుంది. మీ దోనెలను ఎవరో తోక వైపు నుంచి నిమిరారు" అంది. చేసిందంతా ఒప్పుకున్నాను. సిద్ధాంతి చెప్పింది చెప్పాను. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "భయపడ్డారు, సరే. నేనూ భయపడుతూనే ఉన్నాను. మరి మేస్త్రీని ఎందుకు తిట్టారు? నా కోసమని దాన్ని నా లెక్కలో వేయకండి" అంది. సర్దుకుంటానన్నాను. ప్లీడర్లు వాయిదా అడిగే గొంతుతోనే అన్నాను.

నేను సర్దుకునేలోపు పెద్ద ప్లీడరు గారి తలపాగా కథ కోర్టంతా పాకింది. కోర్టు నుంచి బజారుకు, బజారు నుంచి పల్లెకు. మేస్త్రీ మా వీధి అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. "ఏందయ్యా ఇది, నేను మోసం చేశానంట? నా దోనె కారుతందా? ఎక్కడ కారుతంది? ఏ అతుకు?" అన్నాడు. అన్ని అతుకులూ అన్నాను. "అన్నీనా? ఒకటి కారిందంటే నమ్ముతా. అన్నీ ఎట్టా కారతయ్యండీ?" అని నా మొహంలోకి చూశాడు. నేను గోడ వైపు చూశాను. అప్పుడతను చెప్పిన సంగతి ఇది. వాళ్ల సంఘం వాళ్లు మా ఊళ్లో కొత్త ప్రార్థనామందిరం కట్టబోతున్నారు. కప్పంతా, దోనెలతో సహా, అతనికే ఇస్తామని మాటయ్యింది. అతని చేతి మీద అంత పెద్ద పని అంతకు ముందు పడలేదు. పైగా అది వాళ్ల దేవుడి ఇల్లు. ఇప్పుడు సంఘ పెద్ద వెనకాడుతున్నాడు. "నా పేరు పోతంది ప్లీడరు గారూ. పదిమందిలో తేల్చండి" అన్నాడు.

అలా పంచాయితీ పెట్టించుకున్నది అతనే. మా అరుగు మీదే జరిగింది. మధ్యలో పెద్ద ప్లీడరు గారు, అటూ ఇటూ ఇద్దరు ముగ్గురు ఊరి పెద్దలు. కింద బల్ల మీద సంఘ పెద్ద. మేస్త్రీ వీధిలో నిలబడ్డాడు. అతను కోరింది ఒక్కటే. "నన్నొక్కసారి లోపలికి పోనియ్యండి. నేనేసిన దోనె నేను చూడకుండా తప్పు ఎవరిదో ఎట్టా చెప్పేది? తప్పు నాదైతే ఇదే వీధిలో నా చెప్పుతో నేనే కొట్టుకుంటా."

పెద్ద ప్లీడరు గారు నా వైపు తిరిగారు. ఆయన మరీ ఛాందసుడేమీ కాదు. నేను సరేనంటే ఆయన కాదనేవారు కాదని ఇప్పటికీ అనుకుంటాను. అతను లోపలికి వస్తే రెప్పపాటులో చూస్తాడు, వాటం తిరిగిందని వీధిలోకి వచ్చి చెబుతాడు, ఎందుకు తిప్పావని అడుగుతారు, సిద్ధాంతి బయటికి వస్తాడు, గ్రంథాలయం నవ్వుతుంది. ఇదంతా నా కళ్ల ముందు గిర్రున తిరిగింది. "నాకేమీ అభ్యంతరం లేదండీ. ఇలాంటివి నేను పాటించనని మీకందరికీ తెలుసు. కానీ మా అమ్మ పెద్దావిడ, ఆచారం గల మనిషి. ఆమె మనసు కష్టపెట్టలేను" అన్నాను. అందరూ తలలూపారు. తల్లిని గౌరవించే కొడుకునని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

అంతటితో ఆగినా కొంత మిగిలేది. మేస్త్రీ ఊరుకోలేదు. "అయితే మీ తరఫున ఎవరినైనా పంపండి. వాటం ఎటుందో చూసి రమ్మనండి చాలు" అన్నాడు. పెద్ద ప్లీడరు గారు లేవబోయారు. అప్పుడు నేను అన్నాను. "అంత శ్రమెందుకండీ? పనిలో తన లోపం ఏమీ లేదని కొండ మీది కోటయ్య స్వామి సాక్షిగా కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమనండి. నేను ఇంక ఒక్క మాట మాట్లాడను."

పెద్దలకు అది ఎంతో న్యాయంగా తోచింది. మా పల్నాట్లో ప్రమాణంతో తెగని తగువు ఉండేది కాదు. అబద్ధమాడినవాడు కర్పూరం దగ్గరికి రాడని అందరి నమ్మకం. ఒకాయన అప్పుడే లోపలికి కేకేశాడు, కర్పూరం తెమ్మని. మేస్త్రీ మాత్రం కర్పూరం వైపు చూడలేదు. నన్నే చూశాడు. కోపం లేదు. సుత్తి కింద పెట్టిన నాటి మొహమే. "మీరేనా అయ్యా ఈ మాట అడిగేది? అన్నీ తెలిసి మీరే అడుగుతున్నారా?" అన్నాడు.

"తప్పు లేనివాడికి భయమెందుకు?" అన్నాను.

"భయం గాదు. మాకది లేదు. మీకు తెలుసు" అన్నాడు. అంత వాగుడుకాయ ఆ ఒట్టు గురించి అంతకంటే ఒక్క ముక్క మాట్లాడలేదు. సంఘ పెద్ద తల దించుకుని కూర్చున్నాడు. ఒట్టు ఎందుకు పెట్టుకోడో ఆయనకు తెలుసు, కానీ ఆ అరుగు ముందు ఆ మాట వివరించి చెప్పే ధైర్యం ఆయనకూ లేకపోయింది. పనిలో లోపం మేస్త్రీదేనని పెద్ద ప్లీడరు గారు తేల్చారు. లేస్తూ లేస్తూ సంఘ పెద్ద అతనితో మెల్లగా, "నువ్వు తప్పు చేశావని నేననను తమ్ముడా. కానీ ఊరు ఈ మాట అన్నాక మందిరం పని నీ చేతిలో ఎట్టా పెట్టేది?" అన్నాడు. అది నాకు వినపడింది. వినపడనట్టు నిలబడ్డాను.

మేస్త్రీ టోపీ పెట్టుకుని వెళ్లబోతూ ఆగాడు. "నా దోనె కారితే కారింది గాని ప్లీడరు గారూ, మీ నోరు మాత్రం చానా గట్టిది. ఒక్క చుక్క బయటికి రాలేదు" అన్నాడు. ఊరి పెద్దలకు అది అర్థం కాక, ఓడినవాడి ఉక్రోషం అనుకుని నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. నా జీవితంలో నేను చేసిన పాడుపనులు ఇంకా ఉన్నాయి. వాటన్నిటిలోకీ ఆ నవ్వు తలుచుకుంటేనే ఒళ్లు కుంచించుకుపోతుంది.

లోపలికి వెళ్లేసరికి అమ్మ తలుపు వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది. "నా పేరెందుకు తీశావురా?" అంది. ఆచారమని చెప్పబోయాను. "నన్ను అడిగావా?" అంది. అడిగితే రానిచ్చేదానివా అని ఎదురు ప్రశ్న వేశాను. "ఏమో. రానిచ్చేదాన్నో లేదో నాకూ తెలియదు. తెలుసుకోవడానికి నాకు ఒక్క అవకాశం వచ్చింది. అది నువ్వు తినేశావు" అంది. ఆ మాట తర్వాత ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

దోనెలు ఏమయ్యాయంటారా? వాటం మళ్లీ తిప్పితే ఒక్కరోజులో కారడం ఆగిపోయేది. ఆగిపోతే ఎలా ఆగిందని అడుగుతారు. అందుకని మొత్తం విప్పించి పెరట్లో పడేశాను. అప్పటి నుంచీ పాత ఇళ్లల్లో లాగే మా మండువాలోనూ నీళ్లు చూరుల నుంచి నేరుగా పడేవి. ఆ ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది. నిక్షేపంగా పెరిగింది. సిద్ధాంతి గారు అది తన చలవేనన్నారు. నేను గ్రంథాలయంలో మాట్లాడడం మానేశాను. ప్రాక్టీసు పెరిగి తీరిక లేదని అందరూ అనుకున్నారు. మందిరం కప్పు ఇంకెవరో వేశారు. అటు వైపు నుంచి వెళ్లవలసి వస్తే ఇంకో వీధిలో నుంచి తిరిగి పోయేవాణ్ణి.

ఆ తర్వాత ఎప్పుడో ఒక దావా పని మీద మాచవరం వెళ్లి, ధైర్యం చేసి మేస్త్రీ పల్లెకు బండి తిప్పించాను. చెప్పవలసిన మాటలు దారంతా కూడగట్టుకున్నాను. కోర్టులో వాదన కూడా అంత బాగా ఎప్పుడూ సిద్ధం చేసుకోలేదు. ఇంటి ముందు అతని అన్న మంచం నేస్తున్నాడు. తమ్ముడు కృష్ణ దాటి నైజాం వైపు వెళ్లిపోయాడన్నాడు. "రేకుపని మానేశాడండీ. ముట్టుకోనంటాడు. రాతిపనికి పోతన్నాడు. ఏం పనిబడి వచ్చారయ్యా?" అని అడిగాడు. అప్పుడైనా చెప్పవచ్చు. అన్నకు చెబితే తమ్ముడికి చేరేది. అతను నులక పట్టుకుని నా జవాబు కోసం ఎదురు చూస్తున్నాడు. "ఏం లేదు, చిన్న రేకుపని ఉండి వచ్చాను" అన్నాను. బండెక్కి, వెనక్కి తిప్పమన్నాను.

మేస్త్రీ నైజాంలోనే పోయాడని తర్వాత చాలా కాలానికి ఎవరో చెప్పారు. పెద్ద ప్లీడరు గారు, ఆ సంఘ పెద్ద, అమ్మ, కిందటేడు మా ఆవిడ, అందరూ వెళ్లిపోయారు. ఈ ఊళ్లో నన్ను చూసి నవ్వడానికి నా ఈడువాడంటూ ఒక్కడు లేడు. ఇప్పుడు ఈ సంగతి ఎవరికి చెప్పినా నాకు పోయేదేమీ లేదు. అందుకే ఇంత సులువుగా రాయగలిగాను, అందుకే ఇలా రాసినందుకు నాకు దక్కే పుణ్యమూ ఏమీ లేదు. నిజం చెప్పడానికి నేనెవరికి భయపడ్డానో వాళ్లందరినీ కాలం ఒక్కొక్కరినే నా దారిలో నుంచి తప్పించింది. ఆ నిజం వినవలసిన మనిషిని మాత్రం అందరికంటే ముందే తీసుకుపోయింది.